ముఖం తియ్యొద్దన్న పెద్దమ్మ

కలకత్తా న్యూ టౌన్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు వారానికోసారైనా మధ్యలో ఆగిపోయేది. ఒక శనివారం అలా ఆగినప్పుడు లోపల నేనూ, పై అంతస్తులో ఉండే ఒక బెంగాలీ ఆవిడా ఉన్నాం. అప్పటిదాకా నేను ఫోన్‌లో మా అమ్మతో మాట్లాడుతున్నాను. లైను తెగిపోయాక ఆవిడ, మీరు మాట్లాడింది తెలుగేనా అని అడిగింది. అవునన్నాను. ఆమె ముఖంలో ఎంత ఊరట కనిపించిందంటే, లిఫ్టు బాగు చేసేవాడు వచ్చాడేమో అనుకుని తలుపు వైపు చూశాను.

ఆవిడ డాక్యుమెంటరీలు తీస్తుంది. వెనక ఏ సంస్థా లేదు. పెళ్లిళ్లకూ కంపెనీల కార్యక్రమాలకూ వీడియోలు తీసి, ఆ వచ్చినదాంతో తనకు కావలసిన సినిమా తీసుకుంటుంది. అప్పుడు ఏక్‌బాల్‌పూర్‌లో తుక్కు సామాన్ల నుంచి ఇనుము, రాగి వేరు చేసి బతికేవాళ్ల మీద తీస్తోంది. అక్కడ పనిచేసే ఆడవాళ్లలో చాలామంది తెలుగువాళ్లు. కెమెరా ముందు ఆమెతో బెంగాలీలో మాట్లాడతారట. కెమెరా పక్కకు తిప్పగానే వాళ్లలో వాళ్లు తెలుగులోకి వెళ్లిపోతారట. తనకు కావలసిందంతా ఆ పక్కకు తిప్పాక మాట్లాడే మాటల్లోనే ఉందని ఆమె అనుమానం. లిఫ్టు కదిలేసరికి నేను అనువాదానికి వస్తానని ఒప్పేసుకున్నాను.

నేను కరీంనగర్ నుంచి ఉద్యోగం మీద వచ్చినదాన్ని. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని. వారమంతా తెర వైపు చూసి చూసి, ఆదివారం వస్తే బట్టలుతుక్కోవడం, పడుకోవడం, లేచి మళ్లీ పడుకోవడం. తెలుగు నాకు ఫోన్‌లో తప్ప వినిపించేది కాదు. అందుకే ఒప్పుకున్నానేమో. ఆమెను దీదీ అనడం మొదలుపెట్టాను. మరుసటి వారమే ఇద్దరం క్యాబ్‌లో ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లాం. కెమెరా ఆమె ఒళ్లో, మైకు కట్టిన పొడుగు కర్ర నా కాళ్ల మధ్య. అనువాదానికని పిలిచిన మనిషికి మైకు పట్టుకునే పని కూడా ఉంటుందని దీదీ దారిలో చెప్పింది.

ఆ గోదాం ఒక సందు చివర, పొగ పట్టిన గోడల మధ్య, సగం రేకుల కప్పు కింద ఉండేది. ఓడరేవు డాకుల నుంచీ, షాలిమార్ గూడ్స్ యార్డు నుంచీ వేలంలో కొన్న తుక్కు లారీల్లో వచ్చి పడేది. కాలిపోయిన మోటార్లు, ఫ్యాన్లు, ఓడల నుంచి ఊడదీసిన స్విచ్చు బోర్డులు. ఆడవాళ్లు గోనెపట్టాల మీద కూర్చుని సుత్తీ ఉలీ పెట్టి వాటిని పగలగొట్టి, లోపలి రాగి తీగ లాగి వేరు కుప్ప పోసేవాళ్లు. ఒకేసారి అన్ని సుత్తులు మోగుతుంటే పక్క మనిషి మాట వినపడేది కాదు. వాళ్లకు వినపడేది.

వాళ్ల తెలుగు నాకు మొదటి రోజు సగమే అర్థమైంది. వాళ్ల పెద్దవాళ్లు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి మునిసిపాలిటీ పనులకని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వీళ్లు ఇక్కడే పుట్టారు. మాటల్లో బెంగాలీ, హిందీ, ఆ వైపు యాస అన్నీ కలిసిపోయి ఉంటాయి. నా మాట వాళ్లకూ వింతే. గోడ వారగా కూర్చున్న ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, నేను రెండు ముక్కలు మాట్లాడగానే సుత్తి ఆపింది.

"నీది ఏ ఊరి తెలుగు పాపా? సినిమాల్లో రౌడీలు మాటాడతారు సూడు, అలాగుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటినుంచి ఆమె నాకు పెద్దమ్మ.

దీదీ సినిమా పెద్దమ్మ చుట్టూ తిరగడం మొదలైంది. అలా తిరగాలని ఎవరూ అనుకోలేదు. ఆమె దగ్గర కూర్చుంటే మిగతావాళ్లూ వచ్చి కూర్చునేవాళ్లు. పని దగ్గర గొడవలు, పిల్లల జ్వరాలు, నీళ్ల పంపు దగ్గర తగాదాలు అన్నీ ఆమె ముందే నడిచేవి. అయితే మొదటి రోజే ఆమె ఒక షరతు పెట్టింది.

"నా ముకం తియ్యద్దు. సేతులు తీసుకో, నడుం తీసుకో, కాల్లు తీసుకో. ముకం మాత్రం ఒద్దు."

నేను దీదీకి చెప్పాను. దీదీ సరేనంది. నాలుగు వారాలు పోతే ఆమే మెత్తబడుతుందని దీదీ నమ్మకం. తన సినిమాలన్నింటిలోనూ అలాగే జరిగిందట. పెద్దమ్మ మెత్తబడలేదు. ప్రతి ఆదివారం పని అయ్యాక కెమెరా వెనక ఉండే చిన్న తెరలో ఆ రోజు తీసినదంతా చూపించమనేది. చుబుకం కొసో, చెవి పక్కనుంచి కాస్త చెంపో కనపడితే వేలు పెట్టి చూపించి, ఇది తీసేయ్ అనేది. దీదీ ఆమె కళ్ల ముందే తీసేసేది. తిరుగు ప్రయాణంలో క్యాబ్‌లో దీదీ తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకునేది. ఆ రోజు తీసిన వాటిలో అన్నిటికంటే బాగున్నవి అవేనని నాకూ తెలుసు.

కారణం నాకు చాలా తర్వాత తెలిసింది. ఒక మధ్యాహ్నం వాన పడి పని ఆగింది. రేకుల కింద ఇద్దరమే ఉన్నాం. చెప్పమని నేను అడగలేదు, ఆమే చెప్పుకొచ్చింది. ఆమె భర్త మునిసిపాలిటీలో చెత్త బండి తోసేవాడు. పర్మినెంట్ కాకముందే పోయాడు. ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు. గోదాంలో కూర్చుని కూతుర్ని పెంచింది. కూతురికి ఖరగ్‌పూర్ నుంచి సంబంధం వచ్చింది. తెలుగువాళ్లు, పిల్లాడి తండ్రి రైల్వేలో చేసి రిటైరైనవాడు. మీరేం చేస్తారని వాళ్లు అడిగినప్పుడు, భర్త పని తనకిచ్చారని, మునిసిపాలిటీలో చేస్తున్నానని చెప్పేసింది.

"తుక్కు ఏరుకునేదాని కూతుర్ని ఎవలు సేసుకుంతారు?" అంది నాతో.

ఒకసారి అన్నాక ఆ మాటను నిలబెట్టుకుంటూ రావలసి వచ్చింది. ఖరగ్‌పూర్ వెళ్లాలంటే ముందు కొన్నాళ్లు పని మానేసి చేతులకు కిరసనాయిలు, నిమ్మచెక్క రుద్దుకునేది. అల్లుడు వస్తున్నాడంటే, మునిసిపాలిటీలో చేసే పొరుగావిడ దగ్గర యూనిఫాం చీర అరువు తెచ్చి దండెం మీద ఆరేసేది. వియ్యపురాలు కలకత్తా వస్తానంటే ఏదో ఒక వంక చెప్పి ఆపేది. కూతురు కూడా అక్కడ అత్తగారింట్లో ఇదే మాట మోస్తోంది. పని కంటే ఇదే తనకు ఎక్కువ అలుపని పెద్దమ్మ అంది. ఇదంతా దీదీకి చెప్పొచ్చా అని అడిగితే, చెప్పు, సినిమాలో మాత్రం పెట్టొద్దని చెప్పు అంది.

ఆ తర్వాత ముఖం సంగతి దీదీ మళ్లీ ఎత్తలేదు. వీపు వెనకనుంచి, భుజం మీదుగా, నేల మీద కెమెరా పెట్టి, ఎన్ని రకాలుగా తీయవచ్చో అన్ని రకాలుగానూ తీసింది. ఎక్కువగా చేతులే. ఉలి పట్టుకున్న చేయి, తీగ చుట్ట విప్పే చేయి, అన్నం కలుపుకునే చేయి. వారం రోజుల్లో నేను ఆ మాటలన్నీ విని ఇంగ్లీషులో రాసివ్వాలి. ఆఫీసు నుంచి వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చెవుల్లో సుత్తులే. ఒక వాక్యం కోసం పదిసార్లు వెనక్కి తిప్పేదాన్ని. ఆఫీసు మీటింగుల్లో కూడా నా తలలో ఆ చప్పుడు నడుస్తూనే ఉండేది. మా మేనేజరు ఒకసారి, ఆరోగ్యం బాగానే ఉందా అని అడిగాడు. నిద్ర చాలడం లేదన్నాను.

రెండో ఏడాది వానలు వెళ్లాక గోదాం మూసేస్తారన్న మాట బయలుదేరింది. మాలిక్, అంటే గోదాం యజమాని, స్థలాన్ని బిల్డరుకు అమ్ముతున్నాడని, సందు మొదట్లో నిలబడి చాయ్ తాగేవాళ్లందరూ చెప్పుకునేవాళ్లు. లారీలు రావడం తగ్గింది. ఆడవాళ్లు ఒకరొకరే వేరే చోట్లు చూసుకోవడం మొదలుపెట్టారు. దీదీ కంగారుగా వరసగా ప్రతి ఆదివారం వెళ్దామనేది. నాకు ఓపిక లేక ఒకటి రెండు వారాలు ఎగ్గొట్టాను కూడా.

అలాంటి రోజుల్లోనే ఒక ఆదివారం వెళ్లేసరికి గోదాంలో పెద్దమ్మ లేదు. కొన్నాళ్లుగా రావడం లేదని అక్కడివాళ్లు చెప్పారు. ఫోన్ చేస్తే ఎత్తదు. జబ్బు చేసిందేమోనని ఇద్దరం ఆమె గది వెతుక్కుంటూ వెళ్లాం. గుమ్మం ముందు మంచం మీద ఒక ముసలావిడ నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది. పెద్దమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పి మమ్మల్ని చూసింది. 

"మా ఆపీసోల్లు ఒదినా," అంది మంచం మీద ఆవిడతో, గబగబా. "హాజరు సూసే మేడంగారు."

ముసలావిడ వియ్యపురాలు. కంటి శుక్లం తీయించుకోవడానికి కలకత్తా ఆసుపత్రికి వచ్చి, వద్దని చెప్పే వీలు లేకుండా నేరుగా ఇక్కడికే వచ్చి దిగిందన్నమాట. నేను హాజరు చూసే మేడమ్‌ని కనక ఏదో ఒకటి అనాలి. సెలవు ఇంకెన్ని రోజులు కావాలి పెద్దమ్మా అని అడిగాను. నా గొంతు నాకే అబద్ధంలా వినపడింది. దీదీకి ఏం జరుగుతోందో తెలియదు. కెమెరా సంచి భుజానికి తగిలించుకుని అందరికీ నమస్కారం పెట్టింది. పెద్దమ్మ, ఇంకో వారం పెట్టినాను మేడం అంది.

ముసలావిడ అంతా వింది. తర్వాత నెమ్మదిగా, ఎవరినీ ఉద్దేశించనట్టు అంది.

"నా కోసరం కూకున్నావు. పనికెల్లు ఒదినా. అక్కడ కూలి పోతాది."

"సెలవెట్టినాను గదా."

"తుక్కు పనికి సెలవేటి?"

పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది.  పెద్దమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. ముసలావిడే మళ్లీ మాట్లాడింది. తల్లి తనను రైల్వేలో చీపురు పట్టి పెంచిందని, ఆ చేతులు ఎలా ఉంటాయో తనకు తెలుసని చెప్పింది.

"తాంబూలం నీ సేతినుంచి నాను గదా పుచ్చుకున్నాను. ఆ కోతలు, ఆ కాలిన మచ్చలు. అది సీపురు పట్టిన సెయ్యి కాదు. అప్పుడే తెలిసినాది."

"మరెందుకు అడగనేదు?"

"అడిగితే ఏటి సేస్తావు? ఇంకో అబద్దం ఆడాల. నీకెందుకా పని అనుకున్నాను."

పెద్దమ్మ గరిటె పక్కన పెట్టి, మా అందరికీ చాయ్ పెట్టింది. తాగినంతసేపూ ముసలావిడ ఆసుపత్రి గురించి, డాక్టరు వేయమన్న చుక్కల గురించి చెప్పింది. మేం లేచాక పెద్దమ్మ సందు మలుపు దాకా వచ్చింది. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. కోపం తెచ్చుకున్నా బాగుండేది. గోడకు ఆనుకుని నిలబడింది.

"ఇన్నేల్లు ఎవల నుంచి దాసినాను పాపా?"

 ఆమె ఏమంటోందని దీదీ నన్ను అడిగింది. చెప్పాను. క్యాబ్ ఎక్కాక మొత్తం కథ వివరంగా చెప్పాను. దీదీ నవ్వింది, కళ్లలో నీళ్లొచ్చేదాకా. "ముఖం ఒక్కటే దాచాం. మిగతాదంతా ఆ చేతులే," అంది.

ఆ నెలలోనే గోదాం గేటుకు తాళం పడింది. లోపల మిగిలిన తుక్కంతా ఒకేసారి ఎవరికో అమ్మేశారు. పెద్దమ్మ ఫోన్ చేసింది. అప్పటిదాకా ఆమె నాకు ఎప్పుడూ తనంతట తాను ఫోన్ చేయలేదు. కూతురితో మాట్లాడిందట. కూతురు ఫోన్‌లో చాలాసేపు ఏడ్చిందట, దుఃఖంతో కాదు, ఇక అబద్ధం చెప్పక్కర్లేదని. ఇంత చెప్పి, "ఆ యమ్మకు సెప్పు. ఇప్పుడు తియ్యమను, నా ముకం," అంది.

దీదీకి చెప్పాను.  తీయడానికి ఏం మిగిలింది? పని లేదు, గోదాం లేదు, పెద్దమ్మ సుత్తి కూడా మాలిక్‌కు అప్పజెప్పేసింది. అయినా వెళ్లాం. గేటు ముందు తీద్దామనుకుంటే అక్కడ బిల్డరు మనిషి కుర్చీ వేసుకుని కూర్చుని, కెమెరా చూడగానే లేచాడు. చివరికి ఆమె గది ముందు అదే మంచం మీద కూర్చోబెట్టాం. పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది. దీదీ ప్రశ్నలు అడిగింది. వాటికి ఆమె ఈ రెండేళ్లలో ఎన్నోసార్లు జవాబిచ్చి ఉంది. మళ్లీ ఇచ్చింది. కాసేపటికి అడగడానికీ చెప్పడానికీ ఏమీ లేకపోయింది. దీదీ కెమెరా ఆపలేదు. పెద్దమ్మ దాని వైపు చూస్తూ ఉండిపోయింది. నా చేతులు నొప్పి పుట్టి మైకు కర్ర కిందికి దిగిపోతోంది. పెద్దమ్మ కళ్ల కింద నల్లటి చారలు, ఎడమ కనుబొమ మీద పాత గాటు. ఇన్నాళ్లూ ఎదురుగా కూర్చుని కూడా ఆ గాటును నేను సరిగ్గా చూడలేదు.

"అయిపోయినాదా?" అంది చివరికి. అయిపోయిందని చెప్పాను.

సినిమా పూర్తి కావడానికి ఇంకో ఏడాది పట్టింది. దీదీ, పెళ్లి వీడియోలు తీస్తూ మధ్యమధ్య దాన్ని కూర్చుకుంది. ఆ ముఖం మొదట్లో పెట్టాలా, చివర పెట్టాలా అని నన్ను అడిగేది. నాకు తెలియదనేదాన్ని. చివరికి మధ్యలో ఎక్కడో, ఏ సంగీతమూ లేకుండా పెట్టింది. బయటి ఫిల్మ్ ఫెస్టివల్స్‌కు పంపితే చాలాచోట్ల నుంచి జవాబే రాలేదు. ఒకటి రెండు చోట్ల మర్యాదగా వద్దన్నారు. దక్షిణ కలకత్తాలో ఒక చిన్న హాల్లో, స్నేహితులూ వాళ్ల స్నేహితులూ కలిసి ఒక సాయంత్రం వేసుకున్నారు. అంతే.

దానికి పెద్దమ్మ వచ్చింది. ఖరగ్‌పూర్ నుంచి కూతురూ, వియ్యపురాలూ వచ్చారు. ముగ్గురూ ముందు వరసలో కూర్చున్నారు. తెర మీద ఆమె చేతులు వచ్చినంతసేపూ వియ్యపురాలు ఆమె చెవిలో ఏదో చెబుతూనే ఉంది. ముఖం వచ్చినప్పుడు నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె నిద్రపోతోంది. పొద్దున్నే కొత్త చోట పనికి వెళ్లి, అటునుంచి అటే వచ్చింది. కూతురు లేపబోతే వియ్యపురాలు వద్దన్నట్టు చెయ్యి పట్టుకుని ఆపింది.

సినిమా అయ్యాక దీదీతో పాటు పెద్దమ్మనూ ముందుకు పిలిచారు. పక్కన నేను, మాటలు అటూ ఇటూ చేరవేయడానికి. ఒక కుర్రాడు మైకు తీసుకుని, జీవితంలో మీరు కోరుకునేదేమిటి అని అడిగాడు. నేను తెలుగులో అడిగాను. పెద్దమ్మ గోడ మీది గడియారం చూసి, "ఇంటికెల్లాల," అంది. నేను ఆ మాటే ఇంగ్లీషులో చెప్పాను. హాలంతా చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. వాళ్లు దాన్ని సొంతూరి మీద బెంగగా తీసుకున్నారని నాకు అర్థమైంది. కూతురికీ వియ్యపురాలికీ హావ్‌డా స్టేషన్‌లో రైలు ఉంది, వాళ్లను ఎక్కించి ఈమె మళ్లీ బస్సు పట్టుకోవాలి. ఆమె అన్నది అదే. వివరించే ఓపిక నాకు లేకపోయింది. చప్పట్లు దేనికని పెద్దమ్మ అడిగితే, బాగుందంటున్నారని చెప్పాను.

ఇప్పుడు ఆమె గంగ అవతల, షాలిమార్ దగ్గర ఇంకో గోదాంలో చేస్తోంది. ఖరగ్‌పూర్ వచ్చి ఉండమని వియ్యపురాలే అడిగింది, ఈమె వెళ్లలేదు. కాళ్లాడినన్నాళ్లు ఆడనియ్ అందట. పండక్కి మాత్రం వెళ్లొస్తుంది, చేతులకు ఏమీ రుద్దుకోకుండా. దీదీ మళ్లీ పెళ్లిళ్లు తీస్తోంది. కొత్త సినిమా మాట ఎత్తితే చేయి అడ్డంగా ఊపుతుంది.

పోయిన ఆదివారం, కెమెరా మైకు ఏవీ లేకుండా, నేను ఒక్కదాన్నే షాలిమార్ వెళ్లాను. పెద్దమ్మ పని ఆపలేదు. ఎండలో నిలబడకు, ఇలా లోపలికొచ్చి కూకో అంది. పని ఎలా ఉందని అడిగాను. ఇక్కడ మాలిక్ మంచోడే గానీ నీళ్లకు దూరం నడవాలంది. వియ్యపురాలికి రెండో కన్ను కూడా ఆపరేషన్ చేయిస్తున్నారని, వచ్చే నెల మళ్లీ తన గదిలోనే దిగుతుందని, మునపటిసారి కూరల్లో ఉప్పు ఎక్కువని తెగ పేచీ పెట్టిందని చెప్పింది. ఆసుపత్రిలో డాక్టర్లు ఇంగ్లీషు మాట్లాడతారు, ఒక పూట నువ్వు తోడు రాగలవా అని అడిగింది. సెలవు పెడతానన్నాను. సరేనని తల ఊపి, చేతిలో ఉన్న ఫ్యాను మోటారును అటు తిప్పి మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది.